ఇంట్లో చేసుకునే బోర్డ్ గేమ్‌కి డైస్ ఎలా పెట్టుకోవాలి: ఒకటా, రెండా, గుప్పెడా?

సొంతంగా బోర్డ్ గేమ్ చేద్దామని కూర్చున్నవాళ్ళు అట్ట మీద గళ్ళు గీస్తారు, కాయలకి రంగులేస్తారు, కథ కూడా అల్లుకుంటారు, డైస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతికి ఏది దొరికితే అది పెట్టేస్తారు. తర్వాత ఆడుతుంటే ఆట సాగట్లేదని తెలుస్తుంది, అప్పుడు బొమ్మలు మారుస్తారు, రూల్స్ ఇంకో పది కలుపుతారు, తేడా డైస్ దగ్గరుందని చాలామందికి తోచదు. నేను ఇప్పటికి చిన్నవీ పెద్దవీ కలిపి తొమ్మిది ఆటలు చేశాను, ఇంట్లోవాళ్ళు మళ్ళీ ఆడదాం అని వాళ్ళంతట వాళ్ళు తీసేవి మూడు, ఆ మూడింట్లో కథలు వేరు, బోర్డులు వేరు, డైస్ సంఖ్య కూడా వేరు, ఒక్కటి మాత్రం కామన్: డైస్ పడ్డాక ఆడేవాళ్ళకి ఆలోచించుకోడానికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది.

అందుకే ఎన్ని డైస్ అన్నది రెండో ప్రశ్న అంటాను నేను. మొదటి ప్రశ్న, డైస్ ముందు పడుతుందా, నిర్ణయం ముందు తీసుకుంటారా? ముందు డైస్ వేసి, పడిన అంకెతో ఏం చేయాలో ఆడేవాళ్ళు ఎంచుకుంటే అది ఒక రకం ఆట. ముందు "నేను ఈ కోట మీద దాడి చేస్తున్నా" అని చెప్పి తర్వాత డైస్ వేసి నెగ్గామా ఓడామా చూసుకుంటే అది ఇంకో రకం. మొదటి దాంట్లో చెడ్డ అంకె పడినా దాన్ని ఎలా వాడుకోవాలా అని బుర్ర పనిచేస్తుంది. రెండో దాంట్లో ఊపిరి బిగబట్టే క్షణం ఉంటుంది, కానీ మంచి ప్లాన్ వేసినవాడు డైస్ వల్ల ఓడిపోతే ఆ మంట ఆట అయిపోయేదాకా పోదు. మొదటిసారి ఆట చేస్తున్నవాళ్ళయితే కళ్ళు మూసుకుని మొదటి రకం తీసుకోండి. రెండోది కావాలంటే దాడి లాంటి ఒకటి రెండు ఘట్టాలకే పరిమితం చేయండి.

ఇక ఒక్కో పద్ధతి చూద్దాం.

ఒకే డైస్

ఆరు ముఖాల డైస్ ఒక్కటి వేస్తే ఏ అంకెకైనా ఛాన్స్ సమానం, 16.7 శాతం, సగటు 3.5. ఇది అందరికీ తెలిసిందే. బోర్డు గీసేవాళ్ళకి ఉపయోగపడేది మాత్రం ఇంకోటుంది, అది చాలామంది లెక్కేసుకోరు. పొడుగాటి దారి మీద ఒక డైస్‌తో నడుస్తుంటే, మధ్యలో ఏదైనా ఒక గడిలో కాయ సరిగ్గా ఆగే ఛాన్స్ దాదాపు 28.6 శాతం, అంటే సగటు 3.5 కాబట్టి మూడున్నర గళ్ళకి ఒకసారి ఆగుతుంది. కానీ స్టార్టింగ్ దగ్గర ఈ లెక్క ఒకేలా ఉండదు. బయల్దేరిన చోటు నుంచి ఆరో గడిలో ఆగే ఛాన్స్ 36 శాతం, దాని పక్కనే ఉన్న ఏడో గడిలో 25 శాతమే! ఎందుకంటే ఆరో గడికి ఒకేసారి ఆరు పడి రావచ్చు, చిన్న చిన్న అంకెలు కలిసి కూడా రావచ్చు, ఏడో గడికి మాత్రం ఒకే రోల్‌లో వచ్చే దారి లేదు. అంటే "వెనక్కి వెళ్ళు" అనే శిక్ష గడిని ఆరులో పెడితే మూడో వంతు కంటే ఎక్కువమంది మొదట్లోనే దెబ్బ తింటారు, ఏడులో పెడితే నాలుగో వంతు. అంగుళం జరిపితే అంత తేడా. నేను ఒక పడవల పందెం ఆటలో సుడిగుండాన్ని అందంగా కనపడుతుందని ఆరో గడిలో గీశాను, ప్రతిసారీ ఎవరో ఒకరు మొదటి నిమిషంలోనే మొహం మాడ్చుకుని కూర్చునేవాళ్ళు, లెక్క చూసుకున్నాక దాన్ని ఏడుకి జరిపాను, ఆ గొడవ తగ్గింది.

ఒకే డైస్ ఆటల్లో రెండు రూల్స్ ఉంటాయి, అందరూ అలవాటు కొద్దీ పెట్టేస్తారు, రెండూ ఆటని చంపేస్తాయి.

ఒకటి, "ఆరు పడితేనే కాయ బయటికి". సగటున ఆరు వంతులు ఆగాలి అని తేలిగ్గా అనుకుంటాం, కానీ ఆరు వంతులయ్యాక కూడా ఆరు పడని ఛాన్స్ ఒక్కో మనిషికి 33.5 శాతం. నలుగురు ఆడుతుంటే, వాళ్ళలో కనీసం ఒక్కరికి ఆరు వంతుల దాకా ఆరు పడకుండా ఉండే ఛాన్స్ 80 శాతం. అంటే ఐదు ఆటలు ఆడితే నాలుగింట్లో ఎవరో ఒకరు ఊరికే కూర్చుని మిగతావాళ్ళ ఆట చూస్తుంటారు. చిన్న పిల్లలైతే ఆ లోపే లేచి వెళ్ళిపోతారు. ఈ రూల్ మీకు మరీ ఇష్టమైతే "ఒకటి గానీ ఆరు గానీ" అని మార్చండి, అప్పుడు ఆరు వంతుల తర్వాత కూడా బయటికి రాని ఛాన్స్ 33.5 నుంచి 8.8 శాతానికి పడిపోతుంది. లేదా ఒక కాయని మొదటి నుంచే బయట పెట్టి, రెండో కాయకి మాత్రమే ఆరు అడగండి. నేనైతే ఈ రెండో మార్పే చేస్తాను, ఎందుకంటే ఆరు కోసం ఎదురుచూసే సరదా అలాగే ఉంటుంది, ఎవరూ ఖాళీగా కూర్చోరు.

రెండోది, చివర్లో "సరిగ్గా పడితేనే ఇంట్లోకి". దీని లెక్క చూసి నేను చాలా ఆశ్చర్యపోయాను. గమ్యానికి ఒక్క గడి దూరంలో ఉన్నా, మూడు గళ్ళ దూరంలో ఉన్నా, ఆరు గళ్ళ దూరంలో ఉన్నా, సరిగ్గా చేరడానికి పట్టే సగటు వంతులు ఆరే! ఎక్కువ పడితే కదలకూడదు అనే రూల్ ఉన్నప్పుడు ఇది. అంటే ముందొచ్చినవాడు ఒక గడి దూరంలో నిలబడి ఎదురుచూస్తుంటే వెనక ఆరు గళ్ళ దూరంలో ఉన్నవాడు అతనితో సమానం అయిపోతాడు, అంతసేపు సంపాదించిన ఐదు గళ్ళ లీడ్‌కి విలువ లేదు. ఇది వెనకపడ్డవాళ్ళకి మళ్ళీ ఆశ కలిగించాలని కావాలని పెట్టారా, సరే. అలవాటు కొద్దీ పెట్టారా, తీసేయండి, "గడి దాటితే చాలు గెలిచినట్టే" అనండి.

ఒకే డైస్ ఆట ఎంత పొడుగుండాలి అన్నది కూడా ఇక్కడే చెప్పేస్తా. పది వంతుల్లో అయిపోయే దారి అంటే సగటున 35 గళ్ళు, పది రోల్స్ మొత్తం అటూ ఇటూ దాదాపు 5 గళ్ళు ఊగుతుంది, అంటే 15 శాతం. నలభై వంతుల దారి 140 గళ్ళు, ఊగేది దాదాపు 11 గళ్ళు, అంటే 8 శాతమే. కాబట్టి పొట్టి ఆటలో అదృష్టం రాజ్యమేలుతుంది, పొడుగు ఆటలో అది చదునైపోయి, ఎవరు మంచి దారి ఎంచుకున్నారు, ఎవరు బూట్లు కొనుక్కుని ప్రతిసారీ ఒక గడి ఎక్కువ కదిలారు అన్నవి పైకి తేలతాయి. కానీ డైస్ వేసి జరపడం తప్ప వేరే పని లేని ఆటని పొడుగు చేస్తే అది ఊరికే పొడుగే అవుతుంది, ఆ తప్పు చేయకండి.

రెండు డైస్ కలిపి

రెండు డైస్ కూడితే 36 రకాలుగా పడొచ్చు. 7 కి ఆరు దారులు, 6 కీ 8 కీ ఐదేసి, 5 కీ 9 కీ నాలుగేసి, అలా తగ్గుకుంటూ వెళ్ళి 2 కీ 12 కీ ఒక్కొక్కటే. అంటే 7 పడే ఛాన్స్ 16.7 శాతం, 12 పడేది 2.8 శాతం. ఈ గుట్ట ఆకారాన్ని బోర్డు మీద వాడుకున్న ఆటల్లో అందరికీ తెలిసింది కటాన్, క్లాస్ టోయ్‌బర్ 1995 లో తెచ్చింది. అందులో నేల ముక్కల మీద అంకెలుంటాయి, రెండు డైస్ మొత్తం ఏ అంకె వస్తే ఆ ముక్క పంట ఇస్తుంది, అంకె కింద చుక్కలు అది ఎంత తరచుగా పడుతుందో చెప్తాయి, 6, 8 ఎర్రగా ఉంటాయి, 7 పడితే దొంగ కదులుతాడు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆటగాడు మొదట్లోనే ఎక్కడ ఇల్లు కట్టాలో ఎంచుకుంటాడు, డైస్ తర్వాత పడుతుంది, కానీ ఆ ఎంపిక చేసేటప్పుడు ఛాన్స్ ఎంతో కళ్ళ ముందు చుక్కల్లో కనిపిస్తుంది కాబట్టి 12 మీద పెట్టి నష్టపోయినా ఎవరినీ అనలేం. మీ ఆటలో కూడా రెండు డైస్ మొత్తం వాడుతున్నారంటే ఆ చుక్కలు వేయండి. ఆడేవాళ్ళందరికీ 36 దారుల లెక్క తెలియదు, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళ మీద ప్రతిసారీ గెలుస్తారు, అది ఇంట్లో ఆడుకునే ఆటకి మంచిది కాదు.

రెండు డైస్ దగ్గర తరచుగా జరిగే పొరపాటు ఇంకోటి, కత్తి దొరికితే "ప్లస్ ఒకటి" లాంటి బహుమతులు. ఒకే డైస్‌లో ప్లస్ ఒకటి అంటే ఎక్కడైనా 16.7 శాతం కలిసినట్టే, లెక్క సింపుల్. రెండు డైస్‌లో అలా కాదు. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి అన్నచోట 41.7 శాతం ఉన్న ఛాన్స్ ప్లస్ ఒకటితో 58.3 అవుతుంది, ఓడిపోయేవాడు గెలిచేవాడయ్యాడు. అదే 12 పడాలి అన్నచోట 2.8 నుంచి 8.3 కి వెళ్తుంది, మూడింతలైంది కానీ ఇంకా అది జరగని పనే. కాబట్టి కష్టాల్ని 5 నుంచి 9 మధ్యలో పెట్టండి, బహుమతి విలువ చేతికి తెలుస్తుంది. ప్లస్ మూడు, ప్లస్ నాలుగు దాకా పోతే డైస్ వేయడమే దండగ అవుతుంది, ప్లస్ రెండు దగ్గర ఆగిపోండి.

దారి మీద నడవడానికి రెండు డైస్ కూడటం నాకంత నచ్చదు. సగటు 7 కాబట్టి ఏ గడిలోనైనా ఆగే ఛాన్స్ ఏడింట ఒకటి, 14 శాతం అన్నమాట, మీరు కష్టపడి బొమ్మలు గీసిన గళ్ళలో చాలా వాటి మీద ఒక ఆటలో ఎవరూ అడుగే పెట్టరు.

రెండు డైస్ విడివిడిగా

నా ఓటు దీనికే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. రెండు డైస్ వేయండి, కూడకండి. ఒక అంకె ఒక కాయకి, ఇంకో అంకె ఇంకో కాయకి. లేదా ఒకటి నడవడానికి, ఒకటి పని చేయడానికి. బ్యాక్‌గామన్ ఆట మొత్తం నడిచేది ఈ ఇంధనం మీదే, 5, 2 నీ 2, 5 నీ ఒకటే అనుకుంటే రెండు డైస్‌తో పడే రకాలు 21, వాటిలో ప్రతి ఒక్కటీ ఆ సమయానికి బోర్డు ఎలా ఉందో దాన్ని బట్టి మంచిదో చెడ్డదో అవుతుంది, రెండూ ఒకటే పడితే నాలుగుసార్లు ఆడొచ్చు. అంత పెద్ద ఆట చేయక్కర్లేదు మీరు. నేను చేసిన నిధి వేట ఆటలో రెండు డైస్ వేస్తారు, ఒకటి కాళ్ళకి, ఒకటి చేతులకి. కాళ్ళకి పెట్టిన అంకె ఎన్ని గళ్ళు నడవొచ్చో చెప్తుంది, చేతులకి పెట్టిన అంకె ఎంత బరువైన రాయి ఎత్తొచ్చో చెప్తుంది. 5, 2 పడిందనుకోండి, ఐదు గళ్ళు నడిచి చిన్న రాయి ఎత్తాలా, రెండు గళ్ళే నడిచి పెద్ద రాయి ఎత్తాలా? రూల్ ఒక్క వాక్యం, ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా అర్థమైంది, కానీ ప్రతి వంతులో ఆగి ఆలోచించేది. ఇదే ఆటని ముందు రెండు రంగుల డైస్‌తో చేశాను, ఎర్రది కాళ్ళకి, నల్లది చేతులకి అని ఫిక్స్ చేసి. ఒక్కరూ రెండోసారి ఆడలేదు. రంగు తీసేసి ఎవరిష్టం వాళ్ళకి వదిలేశాక ఆట మొత్తం మారిపోయింది. డైస్ అవే, అంకెలు అవే.

దీనికి దగ్గరి బంధువు, రెండు వేసి ఒకటి ఉంచుకోవడం. పెద్దది ఉంచుకోవాలి అని రూల్ పెడితే సగటు 3.5 నుంచి 4.47 కి పెరుగుతుంది, ఆరు వచ్చే ఛాన్స్ 16.7 నుంచి 30.6 శాతానికి, ఒకటి వచ్చే ఛాన్స్ 2.8 కి పడిపోతుంది. ప్లస్ ఒకటి ఇచ్చినంత లాభం దాదాపు, కానీ ఏడు పడదు, ఆట హద్దు దాటదు, పైగా రెండో డైస్ చేతిలో ఉండటం అనేది పిల్లలకి బహుమతిలా అనిపిస్తుంది, కాగితం మీద ప్లస్ ఒకటి రాసుకోవడం అలా అనిపించదు. ఎప్పుడూ పెద్దది అనకుండా ఏదైనా ఒకటి ఎంచుకోండి అంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆరు గళ్ళ అవతల శిక్ష గడి ఉన్నప్పుడు చిన్న అంకె కావాల్సి రావచ్చు.

మూడు డైస్ కూడటం గురించి ఎక్కువ చెప్పను. 216 రకాలు, మధ్యలోనే పడుతుంటాయి, 9 నుంచి 12 లోపు పడే ఛాన్స్ 48 శాతం, 3 గానీ 18 గానీ చూడాలంటే ఒక్కోదానికి 216 లో ఒకటే దారి. ఆటగాడి బలం నమ్మదగ్గదిగా ఉండాలి, ఎప్పుడో ఒకసారి మాత్రమే అద్భుతం జరగాలి అంటే వాడండి, కూడటానికి మాత్రం టైం పడుతుంది. మూడు డైస్‌లో 9 కంటే 10 ఎందుకు కొంచెం ఎక్కువగా పడుతుంది అని 17వ శతాబ్దం మొదట్లో జూదరులకి వచ్చిన సందేహాన్ని గెలీలియో తీర్చాడు, రెండింటికీ ఆరేసి కాంబినేషన్లే కనిపిస్తాయి కానీ విడివిడి డైస్‌గా లెక్కేస్తే 9 కి 25 దారులు, 10 కి 27. మీరు కూడా ఛాన్స్ లెక్కేసేటప్పుడు డైస్‌కి వేరే వేరే రంగులున్నట్టు ఊహించుకుని లెక్కేయండి, లేకపోతే ఇదే పొరపాటు జరుగుతుంది.

గుప్పెడు డైస్ వేసి హిట్లు లెక్కపెట్టడం

యుద్ధాల ఆటకీ, బలం పెరిగే ఆటకీ ఇది బాగుంటుంది. కూడికలు ఉండవు, 5 గానీ 6 గానీ పడిన డైస్ ఎన్నో చూసుకుంటే చాలు. సైనికుడు పెరిగితే ఒక డైస్ పెరుగుతుంది, చేతిలో బరువు తెలుస్తుంది. కానీ లాభం సమానంగా పెరగదు. కనీసం ఒక హిట్ వచ్చే ఛాన్స్ ఒక డైస్‌తో 33 శాతం, రెండుతో 56, మూడుతో 70, నాలుగుతో 80, ఐదుతో 87. రెండో డైస్ 22 శాతం తెచ్చింది, ఐదోది ఏడు కూడా తేలేదు. అందుకే ఒక్క హిట్ చాలు అనే ఆటలో డైస్ ధర కూడా అలాగే పెట్టండి, ఐదో డైస్‌కి రెండో డైస్ అంత రేటు పెడితే ఎవరూ కొనరు. హిట్లు ఎన్నొస్తే అంత నష్టం చేసే ఆటైతే మాత్రం ప్రతి డైస్ సమానమే, ఒక్కోటి సగటున మూడో వంతు హిట్ తెస్తుంది.

డైస్ ఎక్కువైతే ఛాన్స్ కూడా అదే లెక్కన పెరుగుతుందని మనసు చెప్తుంది, దాన్ని నమ్మకండి. ఒక డైస్ నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే ఛాన్స్ 51.8 శాతం. రెండు ఆర్లు కలిసి పడటం ఆరింతలు కష్టం కాబట్టి 24 సార్లు వేస్తే అంతే ఛాన్స్ ఉండాలి కదా అనిపిస్తుంది, లెక్కేస్తే 49.1. ఫ్రెంచ్ గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా 1654 లో ఉత్తరాలు రాసుకుని ప్రాబబిలిటీ లెక్కలకి పునాది వేసిన రోజుల్లో వాళ్ళ ముందుకొచ్చిన చిక్కుల్లో ఇదొకటి.

ఎదురెదురుగా డైస్ వేసుకునే ఆటలో అన్నిటికంటే ముందు తేల్చాల్సింది సమానంగా పడితే ఎవరిది అని. చెరో డైస్ వేస్తే 36 లో ఆరుసార్లు సమానం. ఆ ఆరూ కాపాడుకునేవాడికి ఇస్తే దాడి చేసేవాడి గెలుపు 41.7 శాతమే, అందరూ కోటలో కూర్చుంటారు, ఆట కదలదు. రిస్క్ అనే యుద్ధాల బోర్డ్ గేమ్‌లో కూడా సమానం కాపాడుకునేవాడిదే, కానీ దాడి చేసేవాడికి మూడు డైస్, ఎదుటివాడికి రెండే, అప్పుడు దాడి చేసేవాడు రెండు సైన్యాలూ కూల్చే ఛాన్స్ 37.2 శాతం, తనే రెండూ పోగొట్టుకునేది 29.3, చెరొకటి పోయేది 33.6. ఆ ఒక్క ఎక్స్‌ట్రా డైస్ వల్ల ముందుకెళ్ళడం లాభం అయింది. మీ ఆట బిగుసుకుపోతోందా, దాడి చేసేవాళ్ళకి ఒక డైస్ కలపండి, లేదా సమానం వాళ్ళకి ఇచ్చేయండి. ఎవరికిచ్చారో రూల్స్ కాగితంలో పెద్ద అక్షరాలతో రాయండి, గొడవలు అక్కడే మొదలవుతాయి.

మళ్ళీ వేసే ఛాన్స్, ఆపుకోలేని ఆశ

కొన్ని ఉంచి కొన్ని మళ్ళీ వేయడం చాలా బలమైన పద్ధతి. యాట్జీ అనే డైస్ ఆటలో ఐదు డైస్ ఒకేలా పడటం ఒకే రోల్‌లో 1296 లో ఒకసారి, అదే మూడుసార్ల దాకా వేస్తూ మంచివి ఉంచుకుంటూ పోతే దాదాపు 4.6 శాతం, అసాధ్యం అనుకున్నది అప్పుడప్పుడు జరిగేదైంది. చెడ్డ రోల్‌కి మందు కూడా ఇదే: ఒక డైస్ వేసి 3 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే ఒక్కసారి మళ్ళీ వేయొచ్చు అంటే సగటు 4.25 అవుతుంది. నష్టం ఒక్కటే, టైం. నలుగురు ఆడుతున్నప్పుడు ఒక్కొక్కరు మూడుసార్లు వేస్తూ ఆలోచిస్తుంటే మిగతా ముగ్గురు ఏం చేయాలి? ఇద్దరి ఆటకైతే మూడుసార్లు, నలుగురి ఆటకైతే ఒకే ఒక్క రీరోల్, అంతకు మించి వద్దు.

ఆగకుండా వేస్తూ పాయింట్లు పోగేసుకుని, ఒకటి పడితే ఆ వంతులో సంపాదించిందంతా పోయే పద్ధతిని పిగ్ అంటారు. భలే ఉత్సాహంగా ఉంటుంది, పిల్లలు అరుస్తారు. దీని వెనక ఒక లెక్కుంది: ఇంకోసారి వేస్తే ఆరింట ఐదుసార్లు సగటున 4 వస్తుంది, ఆరింట ఒకసారి చేతిలో ఉన్నదంతా పోతుంది, కాబట్టి 20 దాకా వేసి ఆగడం ఒక్కో వంతుకి ఎక్కువ సగటు ఇస్తుంది. ఇది తెలిసినవాళ్ళు ప్రతిసారీ 20 దగ్గరే ఆగుతారు, ఉత్సాహం పోతుంది. అందుకే ఆ అంకె కదిలేలా చేయండి, పక్కవాడు గమ్యానికి దగ్గరైతే నేను రిస్క్ పెంచాలి, నా బ్యాగులో బంగారం ఉంటే తగ్గించాలి, అలా బోర్డుతో ముడిపెట్టండి.

ఆరు పడితే మళ్ళీ వేసి కలుపుకోవడం కూడా చాలామందికి ఇష్టం. సగటు 4.2 కి పెరుగుతుంది, ఎప్పుడో ఒకసారి పెద్ద అంకె వస్తుంది, సరదాగానే ఉంటుంది. కాకపోతే నాలుగు ముఖాల డైస్, ఆరు ముఖాల డైస్ రెండూ ఆటలో ఉంటే జాగ్రత్త. పెద్ద ముఖం పడితే మళ్ళీ వేయొచ్చు అన్న రూల్‌తో 6 చేరే ఛాన్స్ ఆరు ముఖాల దానికి 16.7 శాతం, నాలుగు ముఖాల దానికి 18.75. బలహీనుడి డైస్ గెలుస్తోంది, ఎవరైనా కనిపెట్టేస్తారు.

ముఖాలు మార్చడం, డైస్ బదులు కార్డులు

ఎనిమిది, పది, ఇరవై ముఖాల డైస్ దొరికితే వాడండి, కానీ వాటి కోసం ఆట ఆపక్కర్లేదు. ఇరవై ముఖాల దాంట్లో ఒక్కో అంకె 5 శాతం కాబట్టి శాతాల్లో ఆలోచించేవాళ్ళకి హాయి, మామూలు డైస్ రెండు వేరే రంగులవి తీసుకుని ఒకటి అడ్డవరుస ఒకటి నిలువువరుస అనుకుంటే 36 గళ్ళ పట్టిక వస్తుంది, రకరకాల సంఘటనలకి అది చాలు.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి నిజమైన లాభం ముఖాల మీద మనకి కావాల్సింది అంటించుకోవడంలో ఉంది. మామూలు 16 మిల్లీమీటర్ల డైస్ మీద స్టిక్కర్లు అంటిస్తే మూడు ముఖాలు కట్టె, రెండు రాయి, ఒకటి బంగారం అని పెట్టుకోవచ్చు, అంకెల్ని అర్థం చేసుకునే మధ్య మెట్టు పోతుంది, చదవడం రాని పిల్లలు కూడా ఆడతారు. ఫడ్జ్ డైస్ అని ఉన్నాయి, రెండు ముఖాలు ప్లస్, రెండు మైనస్, రెండు ఖాళీ, నాలుగు కలిపి వేస్తే సున్నా 23.5 శాతం, మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి లోపు 63 శాతం, ప్లస్ నాలుగు 81 లో ఒకసారే. మనిషి తన స్థాయికి తగ్గట్టే చేస్తాడు, అరుదుగా మెరుస్తాడు అనే కథకి చాలా బాగా సరిపోతుంది, పెన్నుతో గీసుకున్నా సరే.

చేత్తో చెక్కిన డైస్ సరిగ్గా ఉందా లేదా అని అనుమానముంటే 60 సార్లు వేసి రాసుకోండి. ఒక్కో ముఖం 10 సార్లు రావాలి, కానీ 5 నుంచి 15 దాకా ఏది వచ్చినా మామూలే, కంగారు పడి పారేయకండి. ఒకటే ముఖం 20 దాటితే మళ్ళీ 60 వేసి చూడండి, రెండోసారి కూడా అదే ముఖం వస్తే ఆ డైస్ వద్దు.

డైస్ అస్సలు కలిసిరాదు అని గింజుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే కార్డులు. రెండు డైస్ మొత్తాల ప్రకారం 36 కార్డులు చేస్తే 7 ఆరుసార్లు, 12 ఒకసారి కచ్చితంగా వస్తాయి, చివరి ఐదు చూడకుండా పక్కన పెడితే ఆ కచ్చితత్వం కాస్త తగ్గుతుంది కానీ లెక్కపెట్టి కనిపెట్టడం కుదరదు. ఇంకా నాకు నచ్చేది, ప్రతి ఒక్కరికీ 1 నుంచి 6 దాకా ఆరు కార్డులు ఇచ్చేయడం. ఆరు వంతుల్లో అందరూ 21 గళ్ళే నడుస్తారు, ఏది ఎప్పుడు వాడాలి అన్నదే ఆట. డైస్ దొర్లే చప్పుడు పోతుంది, అది నిజంగా లోటే, పిల్లలకి మరీను.

మరి ఏది తీసుకోవాలి

ఆరేళ్ళ లోపు పిల్లలకి ఒకే డైస్, రెండు కాయలు, ఏ కాయ జరపాలో వాళ్ళిష్టం, సరిగ్గా పడాలి అనే రూల్స్ వద్దు. కాస్త పెద్ద పిల్లలు, పెద్దవాళ్ళు కలిసి ఆడేదైతే రెండు డైస్ విడివిడిగా, ఇంకేం ఆలోచించక్కర్లేదు. పంటలు, వ్యాపారం, ఊళ్ళు కట్టడం లాంటి ఆటకి రెండు డైస్ కూడి చుక్కలు వేయండి. యుద్ధానికి గుప్పెడు డైస్, ఐదు దాటకుండా. ఇద్దరే ఆడే పందెం ఆటకి రీరోల్. రెండు పద్ధతులు ఒకే ఆటలో కలపాలని అనిపిస్తుంది, కలపొచ్చు, మూడు మాత్రం వద్దు, రూల్స్ చెప్పేసరికే అందరూ అలసిపోతారు.

పద్ధతి ఎంచుకున్నాక బొమ్మలు గీయకముందే ఒంటరిగా కూర్చుని నలుగురి తరఫునా మీరే వేస్తూ ఇరవై వంతులు ఆడండి, "ఏమీ జరగలేదు" అనిపించిన ప్రతి వంతుకీ ఒక గీత పెట్టండి. ఈ గీతలు ఎందుకంటే, సగం సార్లు విఫలమయ్యే రోల్ చాలా న్యాయంగా కనిపిస్తుంది, కానీ మొదటి మూడు వంతులూ వరసగా విఫలమయ్యే ఛాన్స్ ఒక్కొక్కరికి ఎనిమిదింట ఒకటి, నలుగురిలో కనీసం ఒక్కరికి అలా జరిగే ఛాన్స్ 41 శాతం. ఎవరో ఒకరు ఆట మొదలైనట్టే లేకుండా కూర్చుంటారు. గీతలు ఇరవైలో ఐదు దాటితే, విఫలమైన రోల్‌కి కూడా ఏదో ఒకటి ఇవ్వండి, ఒక నాణెం, ఒక రీరోల్ బిళ్ళ, ఒక గడి ముందుకి, ఏదైనా. ఇచ్చి మళ్ళీ ఇరవై వేసి గీతలు లెక్కపెట్టండి, ఆ తర్వాతే రంగులు బయటికి తీయండి.